సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ సెడాన్ కొంటున్నారా? గేర్‌బాక్స్ ముందా, ట్రిమ్ ముందా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట వైపు కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, పాత వర్టస్ జీటీ ఒకటి చూశా. డీఎస్‌జీ తీసుకోనా, మాన్యువల్ తీసుకోనా? టాప్ ట్రిమ్ కోసం ఇంకో లక్ష పెట్టొచ్చా?"

ముందే సమాధానం చెప్పేస్తా, వివరాలు తర్వాత. మొదట ఇంజిన్, తర్వాత గేర్‌బాక్స్, ఆ తర్వాతే ట్రిమ్. అమ్మేవాళ్లు దీన్ని తిరగేసి చూపిస్తారు. సన్‌రూఫ్ తెరిచి, సీటు చల్లగా అవుతుందని చెప్పి, ఎర్ర అక్షరాల బ్యాడ్జి చూపించి, గేర్‌బాక్స్ గురించి మాత్రం "కంపెనీది బ్రో, టెన్షన్ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ రేపు మీ జేబుకి చిల్లు పెట్టేది సన్‌రూఫ్ కాదు, గేర్‌బాక్సే. సంవత్సరం పంట డబ్బో, మూడు నాలుగేళ్ల ఈఎంఐయో దీని మీద పెడుతున్నారు. కాబట్టి ఓపిగ్గా వినండి.

ఏ బళ్ల గురించి మాట్లాడుతున్నాం?

మన బడ్జెట్‌లో దొరికే స్పోర్ట్స్ సెడాన్ అంటే ముఖ్యంగా మూడు. స్కోడా స్లావియా 1.5, ఇది 2022 మార్చిలో వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 2022 జూన్. హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బో, 2023 మార్చి. స్లావియా, వర్టస్ రెండింట్లో ఉన్నది ఒకే ఇంజిన్: 150 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్. వెర్నా టర్బోలో 160 పీఎస్, 253 ఎన్ఎం. కాగితం మీద మూడూ దగ్గర దగ్గరే.

వీటికి అన్నలాంటిది ఆక్టేవియా ఆర్ఎస్. 2017లో 230 పీఎస్‌తో 500 బళ్లే ఇండియాకి తెచ్చారు. 2020లో 245 పీఎస్‌తో ఇంకో 200 వచ్చాయి. దాని సంగతి కొంచెం తర్వాత.

బ్యాడ్జి కాదు, ఆర్సీ చదవండి

మొదటి బోల్తా ఇక్కడే పడతారు. వర్టస్‌లో "జీటీ లైన్" అని ఒకటి ఉంది, 2024 అక్టోబర్‌లో వచ్చింది. నల్ల గ్రిల్, నల్ల అలాయ్స్, జీటీ అక్షరాలు, చూడ్డానికి అదిరిపోతుంది. బానెట్ కింద ఉండేది మాత్రం 1.0 లీటర్ మూడు సిలిండర్ల ఇంజిన్, 115 పీఎస్. "జీటీ ప్లస్", "జీటీ ప్లస్ స్పోర్ట్" అంటే 1.5 లీటర్, నాలుగు సిలిండర్లు, 150 పీఎస్. స్లావియాలో మోంటే కార్లో కూడా అంతే, 1.0లోనూ ఉంది, 1.5లోనూ ఉంది. 1.0 చెడ్డ ఇంజిన్ అని నేను అనట్లేదు. 1.5 రేటు పెట్టి 1.0 కొనొద్దు అంటున్నా. అక్షరాలు ఆన్‌లైన్‌లో వందల రూపాయలకి దొరుకుతాయి, ఎవరైనా అంటించొచ్చు.

దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఆర్సీలో "క్యూబిక్ కెపాసిటీ" అని ఒక గడి ఉంటుంది. వర్టస్, స్లావియాలకి అక్కడ 999 ఉంటే 1.0, 1498 ఉంటే 1.5. వెర్నాలో ఇంకో తిరకాసు ఉంది, టర్బో అయినా మామూలుదైనా రెండూ "1.5" ఇంజిన్లే. మామూలు పెట్రోల్ 1497 సీసీ, 115 పీఎస్. టర్బో 1482 సీసీ, 160 పీఎస్. అంటే చిన్న అంకె ఉన్నదే పెద్ద పవర్. ఈ నాలుగు అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి: 999, 1498, 1497, 1482. బండి చూడ్డానికి వెళ్లేలోపే సగం అబద్ధాలు బయటపడిపోతాయి.

గేర్‌బాక్స్‌లు నాలుగు రకాలు

మాన్యువల్ అందరికీ తెలిసిందే. స్లావియా 1.5లో మొదట్లోనే 6 స్పీడ్ మాన్యువల్ వచ్చింది. వర్టస్ 1.5కి మాత్రం మొదట్లో డీఎస్‌జీ ఒక్కటే ఇచ్చారు, మాన్యువల్ 2023లో వచ్చింది. అందుకే 2022 మోడల్ వర్టస్ జీటీ మాన్యువల్ అని ఎవరైనా చెప్తే ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం చూడండి.

రెండోది టార్క్ కన్వర్టర్. పాతకాలం నుంచీ ఉన్న ఆటోమేటిక్ ఇదే. ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య ఆయిల్ ద్వారా శక్తి వెళ్తుంది, కాబట్టి ట్రాఫిక్‌లో మెల్లగా పాకినా ఇబ్బంది పడదు. వర్టస్, స్లావియా 1.0 ఆటోమేటిక్‌లో ఉన్నది ఇదే, 6 స్పీడ్.

మూడోది సీవీటీ. ఇందులో విడివిడి గేర్లు ఉండవు, బెల్టు పుల్లీల మీద పైకీ కిందికీ జరుగుతుంది. హోండా సిటీలో, మామూలు వెర్నాలో ఉంటుంది, వెర్నాలో దాన్ని ఐవీటీ అంటారు. మెత్తగా ఉంటుంది. కానీ గట్టిగా తొక్కితే ముందు శబ్దం వస్తుంది, ఆ వెనకాల స్పీడు వస్తుంది. స్పోర్ట్స్ సెడాన్ కావాలనుకునేవాడికి అది నచ్చదు.

నాలుగోది డ్యూయల్ క్లచ్. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో డీఎస్‌జీ అంటారు, హ్యుందాయ్‌లో డీసీటీ. ఇందులో క్లచ్‌లు రెండు. ఒకటి 1, 3, 5, 7 గేర్లు చూసుకుంటుంది, ఇంకోటి 2, 4, 6. మీరు మూడో గేర్‌లో ఉండగానే నాలుగోది రెడీగా ఉంటుంది. ఒక క్లచ్ వదలడం, రెండోది పట్టుకోవడం కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. అందుకే ఆ మజా.

ఇక్కడే అసలు విషయం. వర్టస్, స్లావియా 1.5లో ఉన్న 7 స్పీడ్ డీఎస్‌జీ పేరు డీక్యూ200. దీంట్లో క్లచ్‌లు డ్రై క్లచ్‌లు, అంటే ఆయిల్‌లో మునిగి ఉండవు. తేలికగా ఉంటాయి, మైలేజీకి మంచివి. కానీ వేడెక్కితే చల్లబరచడానికి చుట్టూ ఆయిల్ ఉండదు. అడుగడుగునా ఆగే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం వదిలి నడుస్తూ ఉంటే వేడి పెరుగుతుంది. దీన్ని నడిపే మెకట్రానిక్ అనే భాగం కూడా ఉంది. కంప్యూటరూ హైడ్రాలిక్సూ కలిసిన డబ్బా అనుకోండి. అది పోయినా, క్లచ్ ప్యాక్ పోయినా బిల్లు లక్షల్లో మాట్లాడుకోవాలి.

ఇది గాలికబురు కాదు. ఈ గేర్‌బాక్స్ 2008 నుంచి ఉంది. 2013లో చైనాలో డీఎస్‌జీ లోపాల వల్ల ఫోక్స్‌వ్యాగన్ 3.8 లక్షలకు పైగా బళ్లు వెనక్కి పిలిపించింది. ఆ తర్వాత ఆయిల్ మార్చారు, భాగాలు మార్చారు, ఇప్పటివి అప్పటివి కావు. ఇబ్బంది లేకుండా ఏళ్ల తరబడి తిరుగుతున్న బళ్లు బోలెడు. అయినా పాత బండి కొనేటప్పుడు "బాగుంటుందా?" అనేది ఒక్కటే అడిగితే సరిపోదు. "పాడైతే నేను భరించగలనా?" అని కూడా అడగాలి.

ఇప్పుడు ఆక్టేవియా ఆర్ఎస్ సంగతి. 2017 ఆర్ఎస్‌లో ఉన్నది 6 స్పీడ్ వెట్ క్లచ్ డీఎస్‌జీ. క్లచ్‌లు ఆయిల్‌లో ఉంటాయి, ఎక్కువ టార్క్ తట్టుకుంటాయి. కానీ ఆ ఆయిల్, ఫిల్టర్ ప్రతి 60,000 కిలోమీటర్లకి మార్చాలి. మార్చినట్టు బిల్లు లేకపోతే ఆ బండి దగ్గర నిలబడకండి. ఇంకోటి, దానికి మాన్యువల్ ఇక్కడ రాలేదు. కాబట్టి ఆర్ఎస్ కొంటే డీఎస్‌జీతో కాపరం చేయాల్సిందే.

మరి మన రోడ్డుకి ఏది?

మీ నెలలో కిలోమీటర్లు ఎక్కడ తిరుగుతాయో లెక్క వేయండి. చందర్లపాడు నుంచి నందిగామ, అక్కడి నుంచి 65వ నంబర్ హైవే ఎక్కి విజయవాడో, జగ్గయ్యపేట మీదుగా హైదరాబాదో, ఇదీ మీ తిరుగుడు అయితే డ్రై క్లచ్‌కి అది మంచి జీవితమే. హైవే మీద క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉంటుంది, అరగదు. అదే మీరు విజయవాడలో ఉద్యోగం చేస్తూ రోజూ బెంజ్ సర్కిల్ దగ్గర గంట పాకేవాళ్లయితే, లేదా హైదరాబాద్‌లో హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఉండేవాళ్లయితే, పాత డ్రై క్లచ్ బండి విషయంలో ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇదే లెక్క అమ్మేవాడి బండికీ పెట్టండి. హైదరాబాద్ సిటీలో 30,000 తిరిగిన డీఎస్‌జీ కన్నా, హైవే మీద 60,000 తిరిగిన డీఎస్‌జీ క్లచ్ ఆరోగ్యంగా ఉండొచ్చు. మీటర్ ఒక్కటే చూసి "తక్కువ తిరిగింది" అని సంబరపడొద్దు, ఎక్కడ తిరిగిందో అడగండి.

ఇక మన ఊళ్ల రోడ్లు. పత్తి ట్రాక్టర్లు, మిర్చి లోడ్లు, జగ్గయ్యపేట వైపు సిమెంటు లారీలు. సింగిల్ రోడ్డులో ఓవర్‌టేక్ చేయాలంటే మూడో గేర్‌కి దించి లాగాలి. మాన్యువల్‌లో అది మీ చేతిలో ఉంటుంది. డీఎస్‌జీలో ఎస్ మోడ్ పెడితే అదే చేసిపెడుతుంది. రెండూ పనికొస్తాయి. తేడా ఎక్కడంటే, మాన్యువల్ క్లచ్ పోతే నందిగామలోనో విజయవాడలోనో పాత మేస్త్రీ అయినా చేయగలడు. మెకట్రానిక్ పోతే బండిని లారీ ఎక్కించి కంపెనీ సర్వీస్ సెంటర్‌కో, డీఎస్‌జీ బాగా తెలిసిన షాపుకో తీసుకెళ్లాలి.

అందుకే నా మాట ఇది. ఎక్కువ తిరుగుడు ఊళ్లో, హైవే మీద ఉండి, వారంటీ అయిపోయిన బండి కొంటుంటే 1.5 మాన్యువల్. వారంటీ ఇంకా ఉంటే, లేదా పొడిగించిన వారంటీ మీ పేరు మీదకి మారితే, డీఎస్‌జీ ధైర్యంగా చూడండి. రోజూ సిటీ ట్రాఫిక్, ఆటోమేటిక్ తప్పదు అంటే 1.0 టార్క్ కన్వర్టర్. స్పీడు కాస్త తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది.

వారంటీ లెక్క కూడా చెప్తా. వర్టస్, స్లావియాలకి కొన్నప్పుడు ఇచ్చింది 4 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2022 జూన్‌లో రోడ్డెక్కిన బండికి 2026 జూన్‌తో సరి. పొడిగింపు కొన్నారో లేదో ఛాసిస్ నంబర్ ఇచ్చి సర్వీస్ సెంటర్‌లో అడగండి. అమ్మేవాడి నోటిమాట లెక్కలోకి రాదు.

టెస్ట్ డ్రైవ్ ఇలా చేయండి

పది నిమిషాల రౌండ్‌తో ఏమీ తెలీదు. కనీసం ముప్పావుగంట అడగండి.

ఒకటి, మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం.

రెండు, డీఎస్‌జీ అయితే మధ్యాహ్నం ఎండలో, ట్రాఫిక్‌లో పదిహేను నిమిషాలు పాకించండి. ఒకటి నుంచి రెండుకీ, రెండు నుంచి ఒకటికీ మారేటప్పుడు వణుకు వస్తోందా? ఎన్ నుంచి డీకి వేస్తే ఆలస్యంగా పట్టుకుని ధడ్‌మని కదులుతోందా? చిన్న ఎత్తు మీద రివర్స్ వేసి ఎక్కించండి, అదురుతుందేమో చూడండి. ఈ లక్షణాలు చల్లగా ఉన్నప్పుడు దాక్కుంటాయి, వేడెక్కితే బయటికొస్తాయి.

మూడు, మాన్యువల్ అయితే నాలుగో గేర్‌లో 40 స్పీడులో ఉండి ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎమ్ జివ్వున లేచి స్పీడు మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోందన్నమాట. ఆ ఖర్చు రేటులో తగ్గించమనండి.

నాలుగు, స్కానర్ ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ ఒక్కటే కాదు, గేర్‌బాక్స్ మాడ్యూల్ కూడా స్కాన్ చేయించండి. ఈ ఖర్చుకి వెనకాడితే చివరికి కొండంత ఖర్చు వస్తుంది.

రీమ్యాప్ చేసిన బండి

స్పోర్ట్స్ సెడాన్‌కి మాత్రమే ఉండే జబ్బు ఇది. మొదటి ఓనర్ కుర్రాడైతే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచి ఉండొచ్చు. డీక్యూ200 తట్టుకునేలా తయారైన టార్క్ 250 ఎన్ఎం. 1.5 ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చేదే 250 ఎన్ఎం. అంటే గ్లాసు ఇప్పటికే అంచు దాకా నిండి ఉంది. రీమ్యాప్ అంటే దాంట్లో ఇంకో చెంబుడు పోయడం. అమ్మే ముందు మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించేస్తారు, క్లచ్ అరుగుదల మాత్రం వెనక్కి రాదు. ఎయిర్ ఫిల్టర్ మార్చారా, సైలెన్సర్ మార్చారా, ముందు టైర్లు మాత్రం కొత్తవి వేశారా చూడండి. టైరు పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. తక్కువ తిరిగిన బండికి అప్పుడే టైర్లు మారాయంటే కారణం అడగండి.

ఇప్పుడు ట్రిమ్

ట్రిమ్‌కి ఒకటే సూత్రం: తర్వాత పెట్టించుకోలేని వాటికి డబ్బు పెట్టండి, పెట్టించుకోగలిగే వాటికి పెట్టకండి.

స్క్రీన్, కెమెరా, సీట్ కవర్లు, అలాయ్స్, లైట్లు విజయవాడలో ఒక పూటలో పెట్టించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్‌లు పెట్టించుకోలేరు. 2023 వెర్నాలో కింది ట్రిమ్ నుంచీ 6 ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నాయి. వర్టస్, స్లావియా మొదట్లో వచ్చిన కింది ట్రిమ్‌లలో రెండే. మూడు బళ్లకీ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు వచ్చిన మాట నిజమే. అయినా 150 పీఎస్ బండిలో మీ ఇంట్లోవాళ్లు కూర్చుంటారు, ఆరు ఉన్నదే చూడండి. దానికోసం పైట్రిమ్‌కి వెళ్లాల్సి వస్తే వెళ్లండి. అది దుబారా కాదు.

బ్రేకులు చూసి ఆశ్చర్యపోకండి, వర్టస్, స్లావియాల్లో జీటీ అయినా వెనక డ్రమ్ బ్రేకులే. ట్రిమ్ మార్చితే అది మారదు.

సన్‌రూఫ్ ఉంటే దాని చుట్టూ ఉన్న నీటి గొట్టాలు మూసుకుపోయాయేమో చూడండి. మన ఎర్రదుమ్ముకి, పత్తి నూగుకి అవి పూడుకుంటే వానాకాలంలో నీళ్లు లోపలికి దిగుతాయి. వర్టస్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు, అది ఖాళీ బండికి. ఐదుగురు ఎక్కితే తగ్గుతుంది. ముందున్న ఓనర్ స్ప్రింగులు మార్చి కిందకి దించి ఉంటే, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి ఆ బండి పనికిరాదు.

వరద బండి జాగ్రత్త

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. అదే వారం ఖమ్మంలో మున్నేరు. ఆ బళ్లన్నీ తుక్కుకి పోలేదు, కొన్ని కడిగి పాలిష్ పట్టి మళ్లీ మార్కెట్‌లోకి వస్తాయి. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే సిరీస్ కాబట్టి నంబర్ చూసి ఏ ఊరి బండో చెప్పలేం. డీఎస్‌జీ బండికి నీళ్లు తగిలితే ఎలక్ట్రానిక్స్ అంతా అనుమానమే.

సీటు బెల్టు చివరి దాకా లాగి చూడండి, మట్టి మరక గీతలా కనిపిస్తుంది. స్టెప్నీ తీసి కింద వండ్రు ఉందేమో చూడండి. సీటు కింది బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ ఎత్తితే వాసన వస్తోందా? ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర కూడా అడగండి.

సరిహద్దు దాటి వచ్చే బండి, కాయితాలు

మనం తెలంగాణ సరిహద్దులో ఉన్నాం, కోదాడ దాటితే టీఎస్, టీజీ నంబర్లే. హైదరాబాద్‌లో రేటు తక్కువ అనిపిస్తుంది. కానీ ఆ రేటుకి ఇక్కడి లైఫ్ టాక్స్ కలిపి చూడండి. 12 నెలలకు మించి బండి ఇక్కడే ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, ఫారం 28 మీద ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. పేరు మార్పుకి ఫారం 29, 30. లోన్ ఉన్న బండి అయితే ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్పించుకోండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు.

చివరిగా ఒక లెక్క. మీ దగ్గర పన్నెండు లక్షలు ఉన్నాయనుకోండి, పన్నెండు లక్షల బండి కొనకండి. పదిన్నరలో కొని, మిగిలింది గేర్‌బాక్స్ పేరు మీద పక్కన పెట్టండి. టైర్లు, ఇన్సూరెన్స్, మొదటి సర్వీసు అందులోంచే. రెండేళ్లు దాన్ని ముట్టుకోవాల్సిన పని పడకపోతే మంచిదే, మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది. పక్కన పెట్టడానికి ఏమీ మిగలట్లేదంటే మాత్రం డీఎస్‌జీ వదిలేయండి, మాన్యువల్ చూడండి. అదీ కుదరకపోతే 1.0 చూడండి. నడిపే బండే బండి, షెడ్డులో నిలబడిపోయిన జీటీ ప్లస్ కన్నా రోజూ నందిగామ వెళ్లొచ్చే 1.0 మేలు.

ఇవాళ్టికి ఇంతే. మీరు చూసిన బండి సంవత్సరం, సీసీ, గేర్‌బాక్స్, తిరిగిన ఊరు, ఈ నాలుగూ రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటి మీదే మాట్లాడుకుందాం. ఉంటానండీ.